'తరలించారు' అని రాయకు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. ఇరవై రెండు పేజీలూ ఏకబిగిన చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతివారిని పెట్టిన కాలిఫోర్నియా శిబిరం మాంజనార్‌లో గాలి గురించి రాసిన పేరా బాగుంది. మెచ్చుకోలు ఇంతే. మూడో పేజీలో ఎర్ర పెన్ను తీసినవాణ్ణి చివరిదాకా మూత పెట్టలేదు.

"జపాన్ జాతీయులను శిబిరాలకు తరలించారు" అని రాశావు. ఈ 'తరలించారు' కథలో పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. అమ్మా, వరద వస్తే జనాన్ని తరలిస్తారు. ధాన్యాన్ని తరలిస్తారు. ఇది అదేనా? 1942 ఫిబ్రవరి 19న, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని పుణ్యాన పసిఫిక్ తీరం నుంచి జపాన్ సంతతివారిని, సుమారు 1,20,000 మందిని, ఫలానా నేరం చేశావని చెప్పకుండా, విచారించకుండా, ముళ్లకంచె వెనక్కి తోలారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులు. ఆ దేశంలోనే పుట్టి, అక్కడి బళ్లలోనే చదివినవాళ్లు. వాళ్లనా నువ్వు 'జపాన్ జాతీయులు' అన్నది? వెళ్లగొట్టిన జనరల్ డెవిట్‌కు ఆ తేడా పట్టలేదు సరే, నీకు పట్టొద్దా?

అప్పట్లో గోడలకూ స్తంభాలకూ అంటించిన నోటీసు దొరికితే చూడు. జపాన్ సంతతివారందరూ, 'పరదేశీయులూ, పరదేశీయులు కానివారూ' వెళ్లిపోవాలని ఉంటుంది. పరదేశి కానివాడంటే ఎవడు? పౌరుడే కదా. ఆ మాట అచ్చువేయడానికి చెయ్యి రాక ఇలా డొంకతిరుగుడుగా రాశారు. నేనైతే ఈ ఒక్క మాట మీదే కథంతా నడిపేవాణ్ణి. ఇక తల్లిదండ్రులు పరదేశీయులుగా మిగిలిపోయింది వాళ్ల ఇష్టం కొద్దీ కాదు, జపాన్ నుంచి వచ్చినవారికి పౌరసత్వం దక్కనివ్వని చట్టం వల్ల. 1923లో అమెరికా పౌరసత్వం కోరిన పంజాబీ భగత్ సింగ్ థింద్ కేసులో మనవాళ్లకూ అదే తలుపు మూసేశారు. శాన్‌హోసేలో సొంత ఇంటి వరండాలో కాఫీ తాగే నీ కథానాయకుడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదా?

ఆ యుద్ధంలో జనం కన్నా ముందు మాటలకు మారువేషం వేశారు. శాంటా అనీటా రేసుకోర్సులో గుర్రాలను ఖాళీ చేయించిన కొట్లలో కుటుంబాలను పెట్టి దాన్ని 'సమీకరణ కేంద్రం' అన్నారు. ఓక్లాండ్‌లో పుట్టిన ఫ్రెడ్ కొరెమాట్సు వెళ్లనన్నాడు, పట్టుకుని శిక్ష వేశారు. 1944లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. జస్టిస్ బ్లాక్ ఆ తీర్పులో పనిగట్టుకుని, వీటిని నిర్బంధ శిబిరాలు అనడం న్యాయం కాదని రాశాడు. ఒప్పుకోని జస్టిస్ రాబర్ట్స్, సమీకరణ కేంద్రమంటే జైలుకు పెట్టిన మర్యాద పేరని రాశాడు. చూశావా, అంత పెద్ద కోర్టులో పేరు దగ్గరే పేచీ వచ్చింది. నువ్వేమో గుమాస్తా మాటను అడగకుండానే ఎత్తుకొచ్చావు.

నలభై ఏళ్ల కిందట నా మొదటి కథలో ప్రాజెక్టు కింద మునిగిన మా ఊరు గురించి రాశాను. 'ఊరు ఖాళీ చేయించారు' అన్న నా వాక్యాన్ని సంపాదకుడు 'గ్రామస్థులను పునరావాస కేంద్రానికి తరలించారు' అని దిద్దాడు. శైలి సౌమ్యంగా ఉండాలట! అంతటితో పోనిచ్చాడా? మా అమ్మ బండి ఎక్కేముందు రోలుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పెరట్లోనే వదిలేసి వచ్చిన నాలుగు వాక్యాలూ 'అనవసర వివరం' అని కొట్టేశాడు. అచ్చయిన కథ అమ్మకు చదివి వినిపించలేదు. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది, నాకేమీ దిగులు లేదు.

రోలు అంటే గుర్తొచ్చింది. నీ కథలో వస్తువులేవి? మాంజనార్ శ్మశానంలోని తెల్ల స్తూపం ముందు నిలబడి కథానాయకుడు పేజీన్నర ఏడ్చాడు. ఈ మధ్య విదేశాల నుంచి వచ్చే ప్రతి కథలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక శిల ముందు ఏడుస్తున్నారు, బహుమతులూ వాటికే వస్తున్నాయి. ఆ నోటీసులోనే వెంట తెచ్చుకోవాల్సినవి రాసి ఉన్నాయి: పక్కబట్టలు, పరుపు మాత్రం వద్దు. మనిషికో కత్తి, ఫోర్కు, చెంచా, కంచం, గిన్నె, కప్పు. పెంపుడు జంతువులు కుదరవు. చేతులతో మోయగలిగినంతే. ఒక తల్లి ఆ కాగితం పట్టుకుని వంటింట్లో చెంచాలు లెక్కపెడితే చాలు, ఎవరూ ఏడవనక్కర లేదు. సామాను మీదా, కోటు మీదా కుటుంబం నంబరు చీటీ వేలాడుతుంది. మాంజనార్ గదుల్లో చెక్కల సందుల్లోంచి ఇసుక లేచేది. ఆ కంతలకు డబ్బా మూతలు పెట్టి మేకులు కొట్టుకున్నారు. మియతాకే అనే ఫొటోగ్రాఫర్ దొంగచాటుగా లెన్సు తెచ్చుకుని, చెక్కపెట్టెతో కెమెరా చేసుకున్నాడు. ఆ మనిషి నీ కథలోకి రాకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చివరి పేజీలో కథానాయకుడు "మన దేశంలో ఇలాంటివి జరగవు" అంటాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అస్సాం నుంచీ, బెంగాల్ నుంచీ చైనా సంతతివారిని, దాదాపు మూడు వేల మందిని, రైళ్లెక్కించి రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టారు. చాలామంది ఇక్కడ పుట్టినవాళ్లే. యుద్ధం నెల రోజుల్లో ఆగిపోయింది, కొందరు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. అమెరికా 1988లో చట్టం చేసి, తాను శిబిరాల్లో పెట్టిన జపాన్ సంతతివారికి క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. ఆలస్యమే, కానీ చెప్పింది. 'మన దేశంలో జరగవు' అన్న ఆ వాక్యం కథానాయకుడి నోట్లోనే ఉంచు. దేవళీలో ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా పక్క బల్ల మీద కూర్చుని వినేలా చూడు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. నన్ను అడగకు, నాకు అందరితోనూ తగవే.

తిరగరాస్తే పోస్టులో పంపు. ఫోనులో అక్షరాలు నా కళ్లకు ఆనవు. మార్జిను కాస్త వెడల్పుగా వదులు.

ఆశీస్సులతో,
మాస్టారు