పళ్ల డాక్టర్ దగ్గర డ్రిల్ శబ్దం భరించలేకపోతున్నాను, ఇయర్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కానీ శబ్దం పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి. ఆ డ్రిల్ గాలి ఒత్తిడితో నిమిషానికి 3-4 లక్షల సార్లు తిరుగుతుంది, అందుకే అంత సన్నగా కీచుమంటుంది. పైగా ఆ శబ్దం చెవిలోంచే కాదు, పంటి నుంచి దవడ ఎముక గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది కాబట్టి చెవులు ఎంత గట్టిగా మూసుకున్నా కొంత వినిపిస్తూనే ఉంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ కూడా ఫ్యాన్, ఇంజిన్ లాంటి బొంగురు మోతల మీద పనిచేసినంతగా ఈ కీచు మీద పనిచేయదు.

మరి సంగీతం చేసేదేంటి? కొంత కప్పేస్తుంది, మిగతాది ధ్యాస మళ్లించడం. ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో గార్డ్‌నర్ అనే డెంటిస్టు, లిక్‌లైడర్ అనే శాస్త్రవేత్త (ఇంటర్నెట్‌కి బీజం వేసిన వాళ్లలో ఒకాయన, అవును ఆయనే!) కలిసి 1960 ప్రాంతంలో పేషెంట్లకు హెడ్‌ఫోన్స్ పెట్టి సంగీతం, జలపాతం హోరులాంటి శబ్దం వినిపించారు. వాల్యూమ్ మీట పేషెంటు చేతిలోనే ఉండేది, నా ఉద్దేశంలో అసలు కిటుకు అదే, మన చేతిలో ఏదో ఉందనుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒంటరి వీణ కన్నా డప్పులు, తబలా, కోరస్ అన్నీ నిండుగా ఉన్న, మీకు బాగా తెలిసిన పాటలు పెట్టుకోండి, కుర్చీలో కూర్చోగానే మొదలుపెట్టండి. సౌండ్ మరీ పెంచొద్దు, డాక్టర్ మాట వినపడాలి. చెయ్యెత్తితే డ్రిల్ ఆపాలని ముందే చెప్పుకోండి. మత్తు సూదికి మాత్రం ఇది బదులు కాదు.