పదిలోకి వెళ్లే ముందు ఈ ఏడు వారాలు

చి. హారికకు,

పెద్దమ్మ ఆశీస్సులు. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి, క్లాసులో అందరూ వేసవి కోచింగ్‌లో చేరుతున్నారు, నేనూ చేరాలా అని అడిగావు. అక్కర్లేదమ్మా. మన ఆంధ్రలో ఏప్రిల్ చివర్లో సెలవులిస్తే బడి మళ్లీ తెరిచేది జూన్ 12న. మధ్యలో దాదాపు ఏడు వారాలు. వీటిలో పదో తరగతి పాఠాలు ముందే లాగించేయాలని చూడకు. ఎనిమిదిలో, తొమ్మిదిలో సగం అర్థమై సగం వదిలేసినవి ఏమిటో వెతికి పట్టుకుని సరిచేసుకో. పదిలో లెక్క తప్పుతోందంటే చాలాసార్లు తప్పేది ఆ పాఠం దగ్గర కాదు, కింది తరగతిలో నేర్చుకోవాల్సిన మెట్టు దగ్గర.

కోచింగ్‌లో మే నెలంతా పాఠాలు పరుగులు పెట్టిస్తారు. జూన్‌లో బడిలో అదే పాఠం మొదలైతే "ఇది నాకు వచ్చుగా" అనిపించి వినడం మానేస్తారు పిల్లలు. తీరా ఆగస్టు పరీక్షలో చూస్తే సూత్రం గుర్తుంటుంది, దాన్ని ఎక్కడ వాడాలో తెలియదు. అందుకే వద్దంటున్నాను.

మొదటి వారం పుస్తకం ముట్టుకోకు. అమ్మమ్మ ఊరు వెళ్లు, మామిడిపళ్లు తిను, మధ్యాహ్నాలు నిద్రపో. రెండో వారం మొదట్లో మాత్రం ఒక పొద్దున 40 నిమిషాలు కూర్చుని, ఎవరినీ అడగకుండా, ఫోన్ చూడకుండా ఈ పది లెక్కలు చేయి.

మైనస్ 3 లోంచి 5 తీసేస్తే ఎంత? మైనస్ 3ని మైనస్ 5తో గుణిస్తే ఎంత? 2/3కి 3/4 కలుపు. 240లో 15 శాతం ఎంత? 3ఎక్స్ − 7 = ఎక్స్ + 5 అయితే ఎక్స్ విలువ ఎంత? ఎ మైనస్ బి మొత్తానికి వర్గం విస్తరించు. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 6ను కారణాంకాలుగా విడగొట్టు. 72 వర్గమూలాన్ని సూక్ష్మరూపంలో రాయి. లంబకోణ త్రిభుజంలో లంబకోణం పక్కనున్న భుజాలు 5, 12 అయితే కర్ణం ఎంత? (−2, 3) బిందువు ఏ పాదంలో ఉంటుంది?

జవాబులు వరసగా: −8, 15, 17/12, 36, 6, ఎ స్క్వేర్ మైనస్ 2ఎబి ప్లస్ బి స్క్వేర్, (ఎక్స్ − 3)(ఎక్స్ + 2), 6√2, 13, రెండో పాదం. అన్నీ చేశాకే చూడు.

తప్పినవాటిని బట్టి నీ వేసవి పని తేలిపోతుంది. కారణాంకాలు తప్పితే బహుపదులు, వర్గ సమీకరణాలు రెండూ కష్టమవుతాయి. భిన్నాలు తప్పితే శ్రేఢులు, త్రికోణమితి నడవవు. వర్గమూలాల సూక్ష్మరూపం, హారాన్ని అకరణీయం చేయడం (అంటే కింద వర్గమూలం లేకుండా మార్చడం) రాకపోతే త్రికోణమితిలో జవాబు చివరి మెట్టులో ఆగిపోతుంది. పాదాలు తికమకైతే నిరూపక జ్యామితిలోనే కాదు, రేఖీయ సమీకరణాల గ్రాఫుల్లో కూడా బిందువు పక్కకు పోతుంది.

కారణాంకాల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎక్కువమంది జారేది ఇక్కడే. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 6లో మనకు కావలసింది గుణిస్తే −6, కలిపితే −1 వచ్చే రెండు సంఖ్యలు. −6 వచ్చే జంటలన్నీ ముందు పక్కన రాసుకో: 1తో −6, −1తో 6, 2తో −3, −2తో 3. ఇప్పుడు ఒక్కొక్క జంటను కలిపి చూడు. 2, −3 కలిపితే −1. అదే మనకు కావలసింది. తొందరలో −2, 3 రాసేస్తారు. గుణిస్తే −6 వచ్చింది కాబట్టి సరిపోయిందనుకుంటారు, కలిపితే +1 వస్తోందని చూడరు. రాశాక రెండు కుండలీకరణాలనూ మళ్లీ గుణించి మొదటి దానితో పోల్చు. అర నిమిషం పని. ఈ అలవాటు జూన్ లోపు చేతికి వచ్చిందంటే వర్గ సమీకరణాల పాఠం నీకు సగం అయిపోయినట్టే.

ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని తప్పుల పుస్తకంగా పెట్టుకో. ఎడమ పేజీలో తప్పు చేసిన లెక్క చేసినట్టే ఉంచు, రబ్బరు పెట్టకు. కుడి పేజీలో సరైన పద్ధతి రాసి, కింద ఎందుకు తప్పిందో ఒక్క ముక్క: గుర్తు, కూడిక, సూత్రం, ప్రశ్న సరిగా చదవలేదు. మూడు వారాల తర్వాత తిరగేస్తే ఏ ముక్క ఎక్కువసార్లు కనిపిస్తోందో నీకే తెలుస్తుంది. "గుర్తు" అని పదిసార్లు ఉంటే ఇంకో కొత్త పాఠం చదవడం వల్ల లాభం లేదు, గుర్తుల లెక్కలే రోజుకు ఇరవై చేయాలి.

రోజుకు ఎంత చదవాలంటావా? పొద్దున 6 నుంచి 8 వరకు చాలు. ఎండ ముదరకముందే అయిపోతుంది. మొదటి గంట లెక్కలు, 12 లేక 15. రెండో గంట ఒక్కో రోజు ఒక్కో సబ్జెక్టు. వారానికి ఐదు రోజులే. ఆరేడు గంటల టైంటేబుల్ వేసి గోడకు అంటిస్తే నాలుగో రోజుకు అది గోడ మీదే ఉంటుంది. రాత్రి పదిన్నరకల్లా పడుకోకపోతే ఆరింటికి లేవలేవు, కాబట్టి ఫోన్ తొమ్మిదిన్నరకే అమ్మ గదిలో పెట్టేయి.

సైన్సులో వేలన్సీలు (ఒక మూలకం మరోదానితో కలిసే సామర్థ్యం), సంకేతాలు ఒక్కటీ తడుముకోకుండా రావాలి. మొదటి 20 మూలకాలు చూడకుండా రాయి. అల్యూమినియం వేలన్సీ 3, ఆక్సిజన్‌ది 2, అందుకే అల్యూమినియం ఆక్సైడ్‌లో అల్యూమినియం రెండు, ఆక్సిజన్ మూడు. ఇది రాకపోతే రసాయన సమీకరణాలను తుల్యం చేయడం ఊహాగానమే అవుతుంది. సోషల్‌కు పది అవుట్‌లైన్ మ్యాపులు కొని నదులు, పీఠభూములు, రాష్ట్రాలు గుర్తించు. అంతే చాలు.

తెలుగులో నీకు ఛందస్సంటే భయమని మీ అమ్మ చెప్పింది. గురులఘువులు పెట్టేటప్పుడు ఒత్తు ఉన్న అక్షరం మీద గురువు పెట్టేస్తున్నావు, తప్పు అక్కడుంది. గురువయ్యేది ఒత్తక్షరానికి ముందున్న అక్షరం. "సత్యము"లో "త్య" వల్ల "స" గురువు, "త్య", "ము" లఘువులు. సున్నా ఉన్నది గురువు, దీర్ఘం గురువు. ఇంతవరకు స్థిరపడ్డాక పద్యాల గణాలు పట్టు: ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర. రోజుకు ఒక్క పద్యపాదం గణవిభజన చేస్తే నెలలో భయం పోతుంది. హిందీలో పాస్ మార్కు 20 అని దాన్ని పక్కన పెట్టేస్తారు. మొత్తం 600లో హిందీ 100 కూడా కలుస్తుంది కదా. రోజుకు అర పేజీ చూచిరాత రాయి.

రాత వేగం ఇప్పుడే చూసుకో. వంద మార్కుల పేపరుకు ప్రశ్నలు చదువుకునే 15 నిమిషాలు కలిపి 3 గంటల 15 నిమిషాలు ఇస్తారు. గడియారం పెట్టుకుని ఒక పేజీ రాయి, 20 గీతలు. పది నిమిషాల్లో అర్థమయ్యే అక్షరాలతో అయితే సరే. పన్నెండు దాటితే వారానికి మూడు పేజీలు సాధన చేయాలి. చేతికి చెమట పడుతుంది నీకు, జెల్ పెన్ వద్దు, పేజీ అలుక్కుపోతుంది.

ఇప్పుడు మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించాల్సిన సంగతి. పది మార్కుల మెమోలో పడే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇక జీవితమంతా అన్ని కాగితాలకూ ఆధారం. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు బడివాళ్లు వివరాలు పంపుతారు, అప్పుడు హడావుడిలో ఎవరూ సరిచూడరు. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి అడ్మిషన్ రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది, లేదా ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువుంటుంది. మెమో వచ్చాక దిద్దించుకోవడం చాలా తిప్పలు. నీకు 15 ఏళ్లు నిండాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాపల అప్‌డేట్ కూడా ఈ సెలవుల్లోనే చేయించండి. పుట్టుమచ్చలు రెండు కూడా రాయమంటారు. చేతి మీదో మెడ మీదో స్పష్టంగా కనిపించేవి ఇప్పుడే చూసి రాసి పెట్టుకో.

కళ్లు ఒకసారి చూపించు. వెనక బెంచీలో బోర్డు మసకగా ఉందని గత ఏడాదే అన్నావు. అద్దాలు వస్తే జూన్ నాటికి అలవాటవుతాయి.

పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త. మన ఆంధ్రలో పదికి 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. అంతకుముందు చదివిన మీ అక్క లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు ఊరికే వస్తున్నాయని తీసుకోకు, పాఠాలు మారిపోయాయి. జూన్ మొదటి వారంలో కొత్త లెక్కల పుస్తకంలో మొదటి రెండు పాఠాలు, వాస్తవ సంఖ్యలు, బహుపదులు, కథ చదివినట్టు ఒకసారి చదువు. లెక్కలు చేయొద్దు. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకో, టీచరు ఆ పాఠం చెప్పే రోజు అక్కడ చెవులు పెట్టు.

ఆ పది లెక్కల కాగితం చేయగానే ఫోటో తీసి పంపు. తప్పినవి కొట్టేయకుండా, ఉన్నవి ఉన్నట్టే పంపు తల్లీ.

ఇట్లు,
పెద్దమ్మ