రెండు లిపులు తెలిసిన చేయి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నగారు సైన్‌బోర్డులు రాసేవారు. నేను పెళ్లికార్డుల మీద పేర్లు రాస్తాను. ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి తెలుగు, ఒడియా అక్షరాలు రెండూ చక్కగా రాస్తుంది. ఇదే కెరీర్ అంటోంది. ఫ్లెక్సీలొచ్చి నాన్నగారి పని పోయింది. అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ భయం సబబే. ఒట్టి కాలిగ్రఫీతో ఇల్లు గడుస్తుందని నేను భరోసా ఇవ్వలేను. కానీ ఫ్లెక్సీ మీద కనిపించే అక్షరం కూడా ఎవరో ఒకరు గీసిందే. అమ్మాయి వెళ్లాల్సింది ఆ పని వైపు.

అమ్మాయి రాసిందని మీరు పంపిన బోర్డు ఫోటో చాలాసేపు చూశాను. ‘లక్ష్మి’లో రెండు ఒత్తులూ ఒకదాని కింద ఒకటి వేస్తే కింది వరుసకు తగులుతాయి. అమ్మాయి మ ఒత్తును కాస్త చిన్నది చేసి పక్కకు జరిపింది. ఒడియా అక్షరాల గుండ్రటి తల, తెలుగు తలకట్టు ఒకే మందంలో ఉన్నట్టు కనిపించేలా రాసింది. ఫాంట్ల అక్షరాలు గీసే టైప్ డిజైనర్లు రోజంతా కూర్చుని చేసేది ఇదే. గుణింతాలు, ఒత్తులు కలిపితే ఒక తెలుగు ఫాంటుకు కొన్ని వందల రూపాలు గీయాలి. రెండు లిపులూ చేతిలో ఉన్న పిల్లలు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఇప్పటినుంచే చేయి తిప్పమనండి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల భాష కోసం కష్టపడిన ఊరు మీది. సవరలకు 1936లో మాంగెయ్ గొమాంగో రూపొందించిన సొరా సొంపెంగ్ లిపి 2012లో కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది. దానికి ఫాంట్లు బాగా తక్కువ. ఆ లిపి తెలిసిన సవరల దగ్గర కూర్చుని నేర్చుకుని, కొన్ని అక్షరాలు గీసినా పోర్ట్‌ఫోలియోకు, అంటే తన పనుల నమూనాల సంకలనానికి, ఎంతో బలం.

సైన్స్ మాన్పించకండి. డిజైన్ డిగ్రీ అయిన బి.డెస్‌కు చాలాచోట్ల ప్లస్ టూలో ఏ గ్రూపైనా సరే, కోర్సు 4 ఏళ్లు. ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డాట్, ఐఐటీలకు యూసీడ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. హైదరాబాద్ ఐఐటీలోనూ బి.డెస్ ఉంది. ఫీజు లక్షల్లో ఉంటుంది, ముందే లెక్క వేసుకోండి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్, భువనేశ్వర్ బి.కె. ఆర్ట్ కాలేజీలో బి.ఎఫ్.ఏ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) కూడా మంచి దారులే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఈ పరీక్షల్లో అక్షరాలు అందంగా రాస్తే సరిపోదు. మనుషులు, వస్తువులు, సంతలో జనం చూసి గీయడం రావాలి. రోజూ ఒక బొమ్మ వేయించండి. నోటిఫికేషన్లు మామూలుగా దసరా, దీపావళి రోజుల్లో వస్తాయి, వచ్చే ఏడాది ఆ సమయానికి కనిపెట్టుకుని ఉండండి.