వైర్ ఇంటర్‌కామ్‌ను వైర్‌లెస్ బేస్‌కు కలిపితే మన గొంతే మనకు ఎందుకు వినిపిస్తుంది?

మీరు రాసింది చదవగానే మూడేళ్ల కిందట మేము పడిన ఇబ్బందే గుర్తొచ్చిందండి. మీ హాల్లో ముందునుంచీ వైర్ టాక్‌బ్యాక్ (సిబ్బంది హెడ్‌సెట్‌లతో మాట్లాడుకునే ఇంటర్‌కామ్) ఉంది, కెమెరా వాళ్ళ కోసం కొత్తగా వైర్‌లెస్ బేస్ (వాళ్ళ వైర్‌లెస్ హెడ్‌సెట్‌లను కలిపే పెట్టె) కొన్నారు, రెంటినీ 3 పిన్‌ల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో కలిపారు. మాట వస్తోంది కానీ వైర్‌లెస్ వాళ్ళకు తమ గొంతే కాస్త ఆలస్యంగా తిరిగి వినిపిస్తోంది, వైర్ వైపు వాళ్ళ మాటలు సన్నబడ్డాయి. బేస్ పాడైందా, మార్చేయాలా అని అడిగారు. అప్పుడే మార్చకండి. బేస్ నిక్షేపంగా ఉన్నా ఈ రెండూ వస్తాయి.

నేను విజయవాడ చుట్టుపక్కల స్టేజీ కార్యక్రమాలకు మల్టీ కెమెరా పని చేస్తాను. ఒక నృత్యనాటకానికి లైట్ల ఆపరేటర్, తెర లాగే మనిషి వైర్ మీద, నాలుగు కెమెరాలు వైర్‌లెస్ మీద పెట్టాం. మధ్యాహ్నం ఒకే ఒక్క బెల్ట్‌ప్యాక్ (హెడ్‌సెట్ గుచ్చి నడుముకు పెట్టుకునే చిన్న పెట్టె) తగిలించి చూస్తే బ్రహ్మాండంగా వినిపించింది. సాయంత్రం మిగతా బెల్ట్‌ప్యాక్‌లూ, బాల్కనీ దాకా పొడుగు కేబులూ తగిలించేసరికి ఎకో మొదలైంది. ప్రతి మాటా రెండుసార్లు చెవిలో పడుతుంటే తట్టుకోలేక ఒక కెమెరామన్ హెడ్‌సెట్ మెడలోకి దించేసుకున్నాడు. ముఖ్య నర్తకి ఎడమ వింగ్ నుంచి వస్తోందని నేను చెప్పిన మాట అతనికి అందలేదు. ఆ ప్రవేశం రికార్డింగ్‌లో లేదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు వచ్చి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, వైర్ ఇంటర్‌కామ్‌లో అందరి మాటలూ, పోయేవీ వచ్చేవీ, ఒకే జత తీగల మీద కలిసి నడుస్తాయి. దీన్నే 2 వైర్ అంటారు. వైర్‌లెస్ బేస్ లోపల మాత్రం పోయే మాట వేరు, వచ్చే మాట వేరు. ఈ రెంటి మధ్య హైబ్రిడ్ అనే సర్క్యూట్ ఉంటుంది. బేస్ లైన్‌లోకి పంపిన మాటను, లైన్ నుంచి తిరిగొచ్చే దానిలోంచి తీసేయడం దాని పని. సరిగ్గా తీసేయాలంటే ఎదుట ఉన్న లైన్ ఎలాంటిదో దానికి తెలియాలి. ఆ సర్దుబాటునే నల్ అంటారు. కేబుల్ పొడుగు మారినా, బెల్ట్‌ప్యాక్‌లు పెరిగినా లైన్ మారిపోతుంది, పాత నల్ చెడిపోతుంది. అచ్చంగా వైర్ మీదే పని చేసినప్పుడు మన గొంతు మనకు కొంచెం వినిపించినా అదే క్షణంలో వినిపిస్తుంది కాబట్టి ఇబ్బందనిపించదు. డిజిటల్ వైర్‌లెస్‌లో మాట పోయి రావడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం వల్లే అది ఎకోగా మారుతుంది.

నల్ కంటే ముందు టెర్మినేషన్, అంటే లైన్‌కు కలిపే రెసిస్టర్, చూడండి. మీ వైర్ వైపు మాటలు సన్నబడటానికి నా అనుమానం దీని మీదే. క్లియర్‌కామ్ అనే కంపెనీ తరహా లైన్‌కు మొత్తం మీద ఒకే ఒక్క చోట 200 ఓమ్‌ల టెర్మినేషన్ ఉండాలి. మామూలుగా అది మెయిన్ స్టేషన్‌లోనో (వైర్ ఇంటర్‌కామ్‌ను నడిపే పెద్ద పెట్టె) పవర్ సప్లైలోనో ఉంటుంది. కొత్త బేస్‌లో కూడా ఆన్ చేసి ఉంటే రెండూ కలిసి 100 ఓమ్‌లవుతాయి, మాట సగానికి పడిపోతుంది. ఎక్కడా లేకపోతే అందుకు భిన్నంగా శబ్దం పెరిగి, లైన్ కుయ్‌మని కూయడం మొదలెడుతుంది. మా దగ్గర రెండు చోట్లా ఆన్‌లో ఉంది. మేము అది చూడకుండా వాల్యూమ్ పెంచుకుంటూ పోయాం, దాంతో ఎకో కూడా పెరిగింది.

లైన్‌కు కరెంటు ఇచ్చేది కూడా ఒక్కటే ఉండాలి. వైర్‌లెస్ బేస్ బెల్ట్‌ప్యాక్‌లకు కరెంటు ఇస్తుందని అనుకోకండి, చాలావాటిలో ఆ ఏర్పాటు ఉండదు. మీ పాత పవర్ సప్లైని అలాగే ఉంచండి.

ఇక నల్. కార్యక్రమంలో వాడబోయే బెల్ట్‌ప్యాక్‌లన్నీ, కేబుళ్లన్నీ తగిలించాకే చేయండి. వైర్ వైపు మైకులన్నీ ఆఫ్ చేయించండి. ఒక్క మైకు తెరిచి ఉన్నా హాల్లో చప్పుడు కలిసి లెక్క తప్పుతుంది. మీ బేస్‌లో ఆటో నల్ ఉంటే ఆ బటన్ నొక్కితే చాలు. అది టోన్ పంపుతుంది కాబట్టి అందరినీ హెడ్‌సెట్‌లు తీసేయమని ముందే చెప్పండి. చేత్తో తిప్పే స్క్రూ ఉంటే వైర్‌లెస్ వైపు ఒకరిని ఆపకుండా మాట్లాడమని, స్క్రూ తిప్పుతూ వాళ్ళ గొంతు తిరిగి రావడం బాగా తగ్గే చోట ఆపండి. లెవెల్స్ దిద్దుకోవడం ఆ తర్వాతే. ఆఖరి నిమిషంలో ఎవరికైనా ఇంకో బెల్ట్‌ప్యాక్ ఇవ్వాల్సొస్తే నల్ మళ్ళీ చేయాలి. ఒక్క నిమిషం పని, బద్ధకించొద్దు.

మీ పాత సెట్టు ఏ తరహాదో కూడా చూసుకోండి. క్లియర్‌కామ్ తరహాలో 1వ పిన్ గ్రౌండ్, 2వ పిన్ సుమారు 30 వోల్టుల కరెంటు, 3వ పిన్ మాట. ఆర్‌టీఎస్ అనే ఇంకో కంపెనీ తరహాలో 2వ పిన్ మీద కరెంటుతో పాటే మొదటి ఛానల్ మాట, 3వ పిన్ మీద రెండో ఛానల్. రెంటిలోనూ 2వ పిన్ మీదే వోల్టేజీ ఉంటుంది కాబట్టి మల్టీమీటర్ పెట్టి తేల్చుకోలేం. మోడల్ నంబర్ చూసి, బేస్‌లో ఆ సెట్టింగ్ పెట్టండి.

ఒక జాగ్రత్త. ఈ లైన్లకు మామూలు మైక్ కేబుళ్లే వాడతాం కాబట్టి, స్టేజీ మీద తొందరలో ఎవరైనా ఇంటర్‌కామ్ కేబుల్‌ను సౌండ్ మిక్సర్‌లో గుచ్చేసే ప్రమాదం ఉంది. ఆ వోల్టేజీ మిక్సర్‌లోకి పోకూడదు. మేము ఇంటర్‌కామ్ కేబుళ్లకు రెండు కొసలా ఎర్ర టేపు చుడతాం, సౌండ్ వాళ్ళకు అది చూపించి మరీ చెబుతాం.

మీ మెయిన్ స్టేషన్ వెనక 4 వైర్ పోర్టు కూడా ఉంటే నేనైతే దాన్నే వాడతాను. అందులో పోయే మాట, వచ్చే మాట ముందే విడిగా ఉంటాయి కాబట్టి రెంటి మధ్య నల్ గొడవ ఉండదు. ఆ పోర్టు చాలాసార్లు నెట్‌వర్క్ సాకెట్‌లాగే కనిపిస్తుంది కానీ అది నెట్‌వర్క్ కాదు, నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించకండి. పిన్‌ల వరుస కంపెనీ కంపెనీకీ మారుతుంది, రెండు మాన్యువళ్లూ పక్కపక్కన పెట్టుకుని కేబుల్ చేయించండి. 2 వైర్, 4 వైర్ రెండూ ఒకేసారి కలపొద్దు, మాట గుండ్రంగా తిరిగి కూత పెడుతుంది.

ముందు మెయిన్ స్టేషన్, బేస్ రెండింటి టెర్మినేషన్ స్విచ్‌లు ఎటు ఉన్నాయో చూసి చెప్పండి. రెండూ ఆన్‌లో ఉంటే బేస్‌ది ఆఫ్ చేసి నల్ చేయండి. అప్పటికీ ఎకో ఉంటే రెండు పెట్టెల మోడల్ నంబర్లు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.