కలలో అమ్మవారు చెబితే ఇంటిల్లిపాదీ వినాల్సిందేనా?

ప్రశ్న: మా అత్తగారికి వరసగా రెండు రాత్రులు ఎల్లమ్మ తల్లి కలలో కనిపించి, పెరట్లో గుడి కట్టమన్నదంట. ముగ్గురు కొడుకులూ తలా లక్ష వేసుకోవాలంటున్నారు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. కాదంటే అపచారమా?
– ఒక కోడలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: అబద్ధమాడే మనిషి కాదన్నారు కదా, ఆ మాటను అలాగే ఉంచుదాం. అయినా ఆవిడ చెప్పినదాంట్లో మూడు విషయాలు కలిసిపోయాయి: కనిపించిందేమిటి, అది ఎవరని ఆవిడ అనుకున్నారు, దాన్నిబట్టి మీరేం చేయాలంటున్నారు. నిజాయితీ మొదటిదానికే పూచీ ఇస్తుంది.

కనిపించినదాన్ని ఆవిడ మాటల్లోనే ఈరోజే రాసి పెట్టండి. చీర రంగు, చేతిలో వేపమండ, వినిపించిన మాట, ఇంతవరకే. ఎల్లమ్మ అని ఎట్లా గుర్తుపట్టారో అడిగి, ఆ జవాబు వేరే కాగితం మీద రాయండి. పదిమందికి చెప్పేకొద్దీ కలలో లేని వివరాలూ వచ్చి చేరతాయి, తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. జ్వరం, ఉపవాసం, నిద్రలేమి, కొత్తగా వాడుతున్న మందుల సంగతీ కనుక్కోండి. మెలకువలో కూడా గొంతు వినిపిస్తున్నా, మందులు మానేయమని చెబుతున్నా ముందు డాక్టర్‌కు చూపించాలి.

శరీరంలో కారణం దొరికినంత మాత్రాన అనుభవం కొట్టుకుపోదు. అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1901–02లో ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ సంగతే వాదించాడు: భక్తుడి నమ్మకానికి శరీరంలో కారణం వెతికితే నాస్తికుడి నమ్మకానికీ దొరుకుతుంది. దర్శనం పొందినవారికి దాన్ని నమ్ముకునే హక్కుందని ఒప్పుకుంటూనే, పొందనివాళ్లు పరీక్షించకుండా అంగీకరించాల్సిన పని లేదని కూడా ఆయనే తేల్చాడు.

నన్నడిగితే ఈ విషయంలో అందరికన్నా పదునుగా ఆలోచించింది మీమాంసకులు, అంటే వేదం చెప్పే ధర్మాన్ని విచారించిన పండితులు. జ్ఞానం కలిగిందంటే, అది తప్పని తేల్చే బాధకం ఎదురయ్యేదాకా అది ప్రమాణమే, అంటే నమ్మదగినదేనన్నాడు వారిలో ఒకడైన కుమారిలభట్టు. ఇది మీ అత్తగారి పక్షాన ఉన్నట్టే ఉంటుంది. కానీ వారి మూలగ్రంథంలోని జైమిని సూత్రం (1.1.4) ప్రకారం ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం, ఎదుట ఉన్నదాన్నే పట్టిస్తుంది. చేయవలసిన పని ఇంకా జరగలేదు, ఎదుట లేదు. కాబట్టి ధర్మం విషయంలో ప్రత్యక్షం ప్రమాణం కాదు. మెలకువలో చూసినదానికే ఈ హద్దు ఉంటే కల సంగతి చెప్పక్కర్లేదు. వేదం అపౌరుషేయమని, అంటే ఎవరూ రచించినది కాదని, ప్రాణం పెట్టి వాదించినవాళ్లే ఈ మాటన్నారు. 12వ శతాబ్దపు సున్నీ పండితుడు నసఫీ కూడా తన అఖీదాలో (విశ్వాస సూత్రాల గ్రంథంలో), ఇల్హామ్ (మనసుకు తోచే దైవప్రేరణ) జ్ఞానానికి ఆధారం కాదని రాశాడు. ప్రవక్తకు వచ్చే వహీ (దైవవాణి) వేరు. వ్యక్తిగత దర్శనాల విషయంలో క్యాథలిక్ చర్చి కూడా, తాను ఆమోదించినవాటిని సైతం, నమ్మి తీరాలనదు.

అందుకే ఆవిడ తన సొమ్ముతో గద్దె కట్టుకుని దీపం పెట్టుకుంటానంటే అడ్డుపడకండి, ఆ భక్తిని గౌరవించండి. మీ లక్ష అడగాలంటే మాత్రం కల కాక ఇంకో కారణం చెప్పాలి. ఇష్టమైతే ఇవ్వండి. ఇవ్వకపోతే అపచారం కాదు.

ప్రశ్న: రామదాసును విడిపించడానికి రాముడే తానీషాకు కనిపించి బాకీ తీర్చాడంటారు. భద్రాచలంలోని రామమాడలు (ఆ బాకీ కింద రాముడిచ్చాడనే నాణేలు) దానికి సాక్ష్యం కావా?
– డిగ్రీ విద్యార్థి, లంగర్‌హౌస్

జవాబు: మాడను చూసి రాముడు వచ్చాడని అనుమానప్రమాణంతో, అంటే గుర్తును బట్టి తేల్చే తర్కంతో, చెప్పలేం. పొగను చూసి నిప్పుందనాలంటే ఆ రెండింటికీ వ్యాప్తి (విడదీయరాని సంబంధం) ముందే తెలిసి ఉండాలి. మాడకూ దర్శనానికీ అలాంటి వ్యాప్తి లేదు. మిగిలింది శబ్దం, అంటే ఆప్తవాక్యం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పదలచినవాడే ఆప్తుడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా లక్షణం ఇదేనని న్యాయసూత్రాల వ్యాఖ్య అయిన న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. ఈ కథకు బలం అక్కడే ఉంది: దర్శనం తపించిపోయిన రామదాసుకు కాక తానీషాకు దక్కింది, కోరుకున్నాడు కాబట్టే కనిపించిందని కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే మనకు అందింది తానీషా నోటి మాట కాదు, తర్వాతివాళ్లు చెప్పుకున్న కథ. అందువల్ల మీరు పరిశీలించాల్సింది ఆయన పాలించిన 1672–87 మధ్యకాలపు రాతలను. ఆయనగానీ, ఆయన కొలువులోని వాళ్లుగానీ ఆ రాత్రి సంగతి ఎక్కడైనా చెప్పారా అన్నది మొదట చూడండి.