ఈకల సంగతి తర్వాత, ముందు టీకా వేయించండి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. కొని తెచ్చిన వనరాజా పిల్లలు 40, మా పెట్టల కింద పొదిగించిన అసీల్ పిల్లలు 20, అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. వయసు 24 రోజులు. వనరాజాలకు ఈకలు పలచగా వచ్చాయి, అసీల్‌వాటికి రెక్కల మీద తప్ప వీపంతా బోడిగానే ఉంది. నూకలు, చోళ్ల పిండి, తవుడు పెడుతున్నాను. వంద వాట్ల బల్బులు రెండు రాత్రీ పగలూ వేసే ఉంచుతాను. మందుల షాపాయన కాల్షియం లోపమని టానిక్, ఒక యాంటీబయాటిక్ పొడి ఇచ్చాడు, టీకాలు ఈకలు వచ్చాక వేయించుకోమన్నాడు. ఏమీ తేడా లేదు. ఇది ఏం జబ్బు?

జవాబు: ఇది జబ్బులా లేదు, కాల్షియం లోపం అంతకన్నా కాదు. అసీల్ జాతికి ఈకలు ఆలస్యంగానే వస్తాయి, అందులోనూ పుంజు పిల్లలకు ఇంకా ఆలస్యం, వీపు కప్పుకోవడానికి రెండు నెలలు పట్టినా కంగారు పడక్కర్లేదు. వనరాజాలకు మాత్రం ఈపాటికి బాగానే రావాలి, వాటికీ పలచగా ఉన్నాయంటే లోపం మీ మేతలోనే ఉంది.

ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. పిల్లల మేతలో 20 శాతం మాంసకృత్తులు ఉండాలి, నూకల్లోనూ చోళ్లలోనూ 7, 8 శాతానికి మించి ఉండవు. ఆరు వారాలు నిండేవరకు చిక్ స్టార్టర్ దాణా పెట్టండి. కొనలేమంటే ఇంట్లోనే 10 కిలోలు కలుపుకోండి: నూకలు లేదా మొక్కజొన్న రవ్వ 5.5 కిలోలు, సోయా చెక్క 3.2 కిలోలు, తవుడు 1 కిలో, కోళ్లకని అమ్మే ఖనిజ లవణ, విటమిన్ మిశ్రమం 300 గ్రాములు, మిథియోనిన్ పొడి 20 గ్రాములు. పాత మేతలో కలుపుతూ నాలుగైదు రోజుల్లో మార్చండి. పైన చెదలు దొరికితే వేయండి, మన పెద్దవాళ్లు కుండ బోర్లించి చెదలు పట్టి పిల్లలకు వేసింది ఊరికే కాదు. ఎండు చేపలు మాత్రం ఉప్పు వేసినవి వద్దు, ఆ ఉప్పుకే పిల్లలు చచ్చిపోతాయి.

కాల్షియం టానిక్ ఇవాళే ఆపేయండి. ఈ వయసులో మేతలో ఒక శాతం కాల్షియం చాలు, ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. గుడ్ల కోళ్ల దాణా పిల్లలకు పెట్టకూడదనేదీ ఇందుకే. యాంటీబయాటిక్ కూడా ఆపండి, ఏ బాక్టీరియా ఉందని వాడుతున్నట్టు?

బల్బులు కూడా ఎక్కువే. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి, తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి, అంటే ఇప్పుడు 80 చాలు. మన ఎండల్లో పగలు బల్బే అక్కర్లేదు. వేడి ఎక్కువైతే మేత తినవు, ఈకలూ సరిగా రావు. రాత్రి బల్బు కిందకి చేరి గుంపు కడితే చలి వేస్తున్నట్టు, గోడలకు అంటుకుని నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైనట్టు. పిల్లకు అర చదరపు అడుగు చోటుందా చూడండి, ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీకేస్తాయి. తోక మొదట్లో నెత్తురు మరకలు కనిపిస్తే అదే కారణం.

ఇక నాకు నిజంగా బాధ కలిగించిన మాట, ఈకలు వచ్చాక టీకాలన్నది. ఈకలకూ టీకాకూ సంబంధమే లేదు. కొక్కెర తెగులు (రాణిఖెత్) రాకుండా వేసే లసోటా చుక్క 5-7 రోజుల్లో, గంబోరో టీకా 14వ రోజున పడిపోవాలి. మీవి 24 రోజులవి, రెండూ పడలేదు. గంబోరో 3 నుంచి 6 వారాల మధ్య పిల్లల్నే ఎక్కువగా పట్టుకుంటుంది, కొక్కెర తెగులు వస్తే మందు లేదు, గదంతా ఖాళీ అయిపోతుంది. అంత ప్రమాదాన్ని గుమ్మంలో పెట్టుకుని ఈకల కోసం డబ్బు ఖర్చు పెట్టించిన మనిషి సలహా మళ్లీ అడగకండి. మందు అమ్మేవాడికి టీకా వల్ల వచ్చేదేమీ లేదు.

రెట్టలో నెత్తురు లేదు, పిల్లలు చురుగ్గా ఉన్నాయి అనుకుంటే రేపే పశువైద్యశాలకు వెళ్లి లసోటా వేయించండి, కంట్లో ఒక చుక్క. వారం ఆగి గంబోరో. ఆరేడు వారాలకు అమ్మవారు టీకా. ఎనిమిది వారాలు నిండాక కొక్కెర తెగులుకే వేసే ఇంకో టీకా ఆర్2బి, చర్మం కింద అర మిల్లీలీటరు, లసోటా పడని పిల్లలకు ఇది నేరుగా వేయకూడదు. రెట్టలో నెత్తురుంటే (అది కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బుకు గుర్తు) టీకా ఆపి, ముందు 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇచ్చి, కోలుకున్నాక వేయించండి.

టీకా సీసా ఐసు వేసిన ఫ్లాస్కులోనే తేవాలి, కలిపాక గంటలో వాడేయాలి. సీసాలో వంద డోసులకు తక్కువ ఉండవు, మీ దగ్గర పిల్లలు 60. పక్కిళ్ల వాళ్ల పిల్లల్ని కూడా అదే పూట రమ్మనండి, మిగిలినది దాచి మర్నాడు వేస్తే పనిచేయదు.