నీళ్లు ఏ దారిన పోతయో అదే దారిన రాయి

హన్మకొండ

తమ్ముడూ,

ఎడారి తొండల మీద నువ్వు రాసిన వ్యాసం చదివిన. మంచి విషయం పట్టుకున్నవు. కానీ మొదటి పేరాలనే ‘చర్మం నీళ్లు తాగుతది’ అన్నవు. అది తప్పు. ఆస్ట్రేలియా ముళ్ల తొండ చర్మం లోపలికి నీళ్లు ఇంకవు. పొలుసుల నడుమ సందుల్లనే పారి నోటి దాకా పోతయని 1962లనే బెంట్లీ, బ్లూమర్ అనే శాస్త్రవేత్తలు తేల్చిండ్రు.

ఆ సందులను నిదానంగ చూపియ్యి. పైన మూతి సన్నగ, లోపల వెడల్పుగ ఉంటయి. ఒళ్లంతా ఒకదానికొకటి కలిసి నోటి మూలల దగ్గర తెరుచుకుంటయి. ఒత్తిలకు నూనె ఎక్కినట్టు నీళ్లు వాటంతటవే ఎక్కుతయి. అయితే సందులు నిండంగనే గొంతుల పడవు. తొండ దవడలు మాటిమాటికి తెరిచి మూస్తది. మింగినకొద్దీ వెనుక నీళ్లు ముందుకొస్తయి. ఈ దవడల సంగతి నీ వ్యాసంల లేనే లేదు!

టెక్సాస్ కొమ్ముల తొండను దీంట్ల కలిపేసినవు, విడదియ్యి. ముళ్ల తొండ మన చేను గట్ల మీద తల ఊపే తొండ కుటుంబమే. కొమ్ములది వేరే కుటుంబం. దాని సందుల ఆకారం ముందుకు, వెనక్కు ఒక్కతీరు ఉండదు, అందుకే నీళ్లు మూతి దిక్కే ఎక్కువ నడుస్తయి. వాన పడితే కాళ్లు చాపి, ఒళ్లు పరిచి, వీపు వంచి, తల దించి నిలవడుతది.

‘మంచు తాగి బతుకుతది’ అన్న మాట కొట్టెయ్. ముళ్ల తొండ సందులు నిండాలంటే దాని బరువుల 3.19 శాతం నీళ్లు కావాలె. 2016ల కొలిస్తే ఒంటికి పట్టిన మంచు 0.22 శాతమే. తడి ఇసుకల నిలబెడితే సందులు 59 శాతం నిండినయి, అయినా తాగలే. నీటి గుంటల నిలబెడితేనే తాగింది. తడి ఇసుకల నిలబడుడే చాలదు కాబట్టి, ఆ ఇసుకను వీపు మీదికి ఎగజిమ్ముకునే దాని అలవాటు గురించి ఇక్కడ రాయి.

తిరగరాసే ముందు ఇంట్ల ఒక పని చెయ్. రెండు గాజు పలకల నడుమ ఒక అంచుకు అగ్గిపుల్ల పెట్టు, రెండో అంచు కలుపు, రబ్బరు బ్యాండ్లు వేసి రంగు నీళ్లల్ల నిలువుగ పెట్టు. సందు సన్నగున్న దిక్కు నీళ్లు ఎత్తుకెక్కుతయి. గాజుకు జిడ్డుంటే సరిగ ఎక్కవు, సబ్బుతోని కడిగి, సబ్బు పోయేదాక మంచినీళ్లతోని కడుగు. తొండ పొలుసుల మీది ఆరుమూలల సన్న గళ్లు ఎందుకున్నయో అప్పుడు తెలుస్తది: తడి అంటుకుని పరుచుకునేందుకు. ఆ గళ్ల సంగతి సందుల పేరాల చేర్చు, దవడల పేరా దాని వెనుకనే పెట్టు.

మీ అన్న